'తాను' అన్న మాట: ఎమర్సన్ పక్కన వేమన

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదైనా దాని పొలిమేరలు చాలావరకు ఆంధ్రప్రదేశ్‌తోనే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు అక్కడి పిల్లలకు మామూలు. అటువంటి కొందరు విద్యార్థులతో కలిసి ఎమర్సన్ రాసిన 'సెల్ఫ్ రిలయన్స్' వ్యాసం చదవబోయి, పేరు దగ్గరే ఆగిపోయాం. తెలుగులో దీన్నేమనాలని అడిగితే ఒకరు స్వావలంబన అన్నారు. ఇంకొకరు ఆత్మవిశ్వాసం అన్నారు. ఒక విద్యార్థిని మాత్రం స్వసహాయం అంది. వాళ్లమ్మ స్త్రీశక్తి స్వసహాయ సంఘంలో సభ్యురాలట. మిగతావాళ్లు నవ్వారు గాని, మాకు ఆ జవాబే ఆలోచించదగినదిగా తోచింది. సంఘమంటే పది నుంచి ఇరవై మంది ఆడవాళ్లు చేరి పొదుపు చేసుకునేది. అందులోని 'స్వ' ఒక్కరిది కాదు.

మూడూ సంస్కృత సమాసాలే. అచ్చతెలుగులో దీనికి నామవాచకం లేదు. ఉన్నది సర్వనామం, 'తాను'. కన్నడంలోనూ అదే రూపం. ఇంగ్లీషులో 'సెల్ఫ్' ఒక వస్తువులాగా నిలబడగలదు. దాన్ని నమ్మవచ్చు, వెదకవచ్చు, పోగొట్టుకోవచ్చు. మన 'తాను' అలా ఒంటరిగా నిలవదు. 'సీత తాను వస్తానని చెప్పింది' అన్నప్పుడు దానికి ముందొక సీత ఉండాలి. నీతిపద్యాలలో వచ్చే 'తాను'కు అటువంటి పూర్వపదం ఉండదు. అక్కడ తాను అంటే ఎవరైనా. ఈ తేడాను వ్యాకరణం పాఠంలోనే వదిలేస్తే ఎమర్సన్‌నూ వేమననూ పోల్చడంలో ఎప్పుడూ జరిగే పొరపాటే మళ్లీ జరుగుతుంది.

ఆ పొరపాటు ఇది: ఇద్దరూ లోకాన్ని ఎదిరించారు, ఆచారాలను తోసిపుచ్చారు, కనుక ఇద్దరూ ఒకే కోవకు చెందినవారు అనడం. పైకి నిజమే. ఎమర్సన్ 1829లో బోస్టన్‌లో ఒక చర్చికి బోధకుడయ్యాడు. ప్రభురాత్రి భోజన సంస్కారం జరిపించడానికి మనస్సు ఒప్పక 1832లో ఆ పదవి వదులుకున్నాడు. అదే 1829లో మద్రాసులో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు 693 ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 1839 నాటి రెండవ కూర్పులో అవి 1164 అయ్యాయి. తేదీలు కలవడం కేవలం కాకతాళీయం. ఒకరి ప్రభావం మరొకరి మీద ఉందని నిరూపించబోవడం వృథా శ్రమ.

'సెల్ఫ్ రిలయన్స్' 1841లో వెలువడింది. ట్రాన్సెండెంటలిజాన్ని మనవాళ్లు అతీతవాదమన్నారు. ఇంద్రియాలకూ గ్రంథప్రమాణానికీ అతీతంగా మనిషికి లోపలి నుంచే సత్యం తెలుస్తుందన్నది దాని మూలసూత్రం. కనుక ఎమర్సన్ తనను నమ్ముకొమ్మన్నది అహంకారంతో కాదు. అదే సంపుటంలోని 'ఓవర్ సోల్' వ్యాసం చదివితే, ఆయన నమ్మమన్నది అందరిలోనూ ఒక్కటిగా ఉన్న ఆత్మనేనని తెలుస్తుంది. ఇది తెలియనివారే ఆయన్ను దుకాణాల్లో అమ్మే వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు పితామహుణ్ణి చేశారు. అయినా చిక్కు తీరదు. తత్త్వంలో విశ్వాత్మ అయిన ఆ 'సెల్ఫ్' వాక్యంలోకి వచ్చేసరికి ఒక్క మగమనిషిగా మారిపోతుంది. ఆ మనిషికి సమాజం వాటాదార్ల కంపెనీలాగా కనిపిస్తుంది: తిండికి భరోసా ఇచ్చి స్వేచ్ఛను గుంజుకునేది.

ఆ వ్యాసంలో చదువరిని ఇబ్బంది పెట్టే భాగం ఒకటుంది. బీదలను ఆదుకోవడం నీ బాధ్యత అని ఎవరైనా చెబితే, వారు నా బీదలా అని ఎమర్సన్ అడుగుతాడు. అప్పుడప్పుడు మొహమాటానికి లొంగి డాలరు ఇస్తున్నందుకు సిగ్గుపడతాడు. నలుగురూ ఇస్తున్నారని ఇచ్చే దానం దానం కాదన్నది ఆయన వాదం. అందులో సత్యముంది. పేరుకోసం వేసే అన్నదానం పందిళ్లు మనమూ చూశాం. కానీ మొదటి భార్య ఆస్తి నుంచి వచ్చే రాబడి ఆయనకు ఉండేదన్న సంగతి మరచిపోయి ఈ పేరాను చదవడం మాకు సాధ్యం కాలేదు. అదే ఎమర్సన్ 1844లో బానిసత్వానికి వ్యతిరేకంగా కాంకార్డ్‌లో గట్టిగా ప్రసంగించాడని కూడా చెప్పకపోతే అన్యాయం.

వేమన ఇక్కడే వేరు దారి పడతాడు. విగ్రహాలను, తీర్థయాత్రలను, కులగర్వాన్ని అంతగా ఎద్దేవా చేసినవాడు లోభి దగ్గరకు వచ్చేసరికి లోకం పక్షాన నిలబడతాడు. లోభిని తిట్టే పద్యాలు ఆయన పేరుమీద ఒక గుంపుగా ఉన్నాయి. ఆచారాన్ని కాదనే హక్కు ఆయన మనిషికి ఇస్తాడు. ఆకలిగొన్నవాణ్ణి కాదనే హక్కు ఇవ్వడు.

ఇంకా లోతైన భేదం మకుటంలో ఉంది. సుమతి శతకకారుడు మంచిబుద్ధి గలవాణ్ణి పిలుస్తాడు. దాశరథీ శతకం దేవుణ్ణి పిలుస్తుంది. వేమన మకుటంలోని మొదటి మాటలకు పండితులు రకరకాల అర్థాలు చెప్పారు. చివర పిలుపు మాత్రం వేమనకే, వినమని. మకుటం మూసపోసిన మాటే కదా అనవచ్చు. మూస అయినా వందల పద్యాలలో మళ్లీ మళ్లీ వస్తుంటే దానికొక పని ఉంటుంది. ఎమర్సన్ ఆజ్ఞలు వేదిక మీది నుంచి చదువరికి. వేమన మందలింపు మొదట తనకు. అభిరాముడనే స్నేహితుడు వేమనతో అంటున్న మాటలివి అనే ఐతిహ్యాన్ని ఒప్పుకున్నా మా వాదానికి నష్టం లేదు. అప్పుడు ఆ 'తాను' మరీ ఒంటరి కాదు. సర్వజ్ఞుని త్రిపదులలో కూడా చివర కవి పేరు వస్తుంది. పావగడ విద్యార్థి రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవగలడు. ఈ సౌకర్యం గుంటూరు విద్యార్థికి లేదు.

పావగడలో ఇంకొక సౌకర్యమూ ఉంది. తెలుగు పాఠ్యపుస్తకంలోని వేమన సంఘాన్ని నిలదీసినవాడు. కన్నడనాట ఆయన మహాయోగి, జనవరి 19న ప్రభుత్వమే జయంతి జరుపుతుంది. అక్కడి కథలో ఆయన్ను దారికి తెచ్చింది వదిన, హేమరెడ్డి మల్లమ్మ. ఇది చరిత్ర కాదు, జనశ్రుతి. అయితే జనం ఏం గుర్తుపెట్టుకున్నారో చూడండి: వేమనకు తన్ను తాను తెలుసుకోవడం ఇంకొకరి మాటతో మొదలైంది, ఆ మాట ఒక స్త్రీది. ఇంతా చేసి, ఆడవాళ్లను కించపరిచే పద్యాలు ఆయన పేర బోలెడున్నాయి. వాటిలో ప్రక్షిప్తాలు ఎన్నైనా కావచ్చు, వాటిని దాచిపెట్టి వేమనను అభ్యుదయవాది అనడం మాకిష్టం లేదు. అతీతవాదులకైతే మార్గరెట్ ఫుల్లర్ ఉంది. స్త్రీకి కూడా ఆ 'సెల్ఫ్' ఉందని 1845లో పుస్తకమే రాసి చెప్పింది. మన సంప్రదాయంలో మల్లమ్మ మాట పద్యంగా మిగల్లేదు.

పండితులు వేమనను కవిగా లెక్కలోకి తీసుకోని రోజుల్లో ఆయన మీద విశ్వవిద్యాలయ ఉపన్యాసాలిచ్చినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, అది 1928లో. వారిది పావగడకు అవతలనున్న కళ్యాణదుర్గం ప్రాంతం. ఉద్యోగం మైసూరు మహారాజా కాలేజీలో, 1912 నుంచి 1949 వరకు. తెలుగుదేశానికి బయట కూర్చుని తెలుగు కవిని తూచడానికి వారు ఎవరి అనుమతీ అడగలేదు. 1837లో ఎమర్సన్ అమెరికన్ విద్యావంతులను యూరప్ వైపు చూడడం మానమన్న ప్రసంగం మనకు పనికివచ్చేది ఇక్కడ. పావగడ పిల్లలు మాతో మాట్లాడేటప్పుడు తమ తెలుగు మంచి తెలుగు కాదని ముందే క్షమాపణ చెప్పుకుంటారు. ఏ జిల్లా తెలుగుతో పోల్చి అంటే చెప్పలేరు.

స్వసహాయం అన్న విద్యార్థిని చివరకు వ్యాసం పేరును 'తన్ను తాను నమ్మేది' అని రాసుకుంది. 'తనను' అనాలి కదా అని పక్కనున్నవాళ్లు దిద్దబోయారు. ఇంట్లో అలాగే అంటామంది. వేమన పద్యాల్లో కూడా అలాగే ఉంటుందని చెప్పి, పాఠంలోకి వెళ్లాం.