అట్ట వెయ్యని పుస్తకం

నాకు పన్నెండో ఏట కాకి ముట్టుకుంది. ఆ మాట మా నాయనమ్మ బావి దగ్గర పక్కింటావిడతో అంటుంటే విని, నిజంగానే తలెత్తి జామచెట్టు వంక చూశాను. ఏ కాకీ నా మీద వాలలేదు. ఆ తర్వాత తొమ్మిది రోజులు వరండా మూల తాటాకు చాప మీద కూర్చోబెట్టారు. నువ్వులూ బెల్లం కలిపి చిమ్మిలి దంచి పెట్టారు. మేనమామ చీర తెచ్చాడు. పేరంటాళ్లు వచ్చి పాటలు పాడి, హారతిచ్చి, అక్షింతలు వేసి వెళ్లారు. నేను పెద్దమనిషినయ్యానని ఊరందరికీ తెలిసింది. ఆ రక్తం ఎక్కణ్నుంచి వస్తోందో, ఎందుకు వస్తోందో, మళ్లీ వస్తుందో రాదో నాకు మాత్రం ఎవ్వరూ చెప్పలేదు. రెండో నెల మళ్లీ కనబడేసరికి ఏదో పెద్ద జబ్బు చేసిందనీ, ఇక బతకననీ అనుకున్నాను. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచాను.

ఆ మరుసటి వేసవిలో మా పిన్ని హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆమె సంచిలో క్యాలెండర్ కాగితంతో అట్ట వేసిన ఒక లావుపాటి పుస్తకం ఉంది. బస్సులో చదువుతుంటే పక్కవాళ్లు పేరు చూడకూడదని అట్ట వేసిందట. పేరు 'సవాలక్ష సందేహాలు'. దాని వెనక ఒక కథ ఉంది. బోస్టన్‌లో కొందరు ఆడవాళ్లు 1969లో ఒకచోట కూడి, తమ ఒంటి గురించి తమకే ఏమీ తెలియదని గ్రహించి, తామే చదివి, ఒకరికొకరు చెప్పుకుని, మరుసటి ఏడాది న్యూస్‌ప్రింట్ మీద ఒక పుస్తకం వేశారు. వెల 75 సెంట్లు. అదే తర్వాత 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' పేరుతో ప్రపంచమంతా తిరిగింది. దాని స్ఫూర్తితో హైదరాబాద్ స్త్రీలు 1991లో తెలుగులో తెచ్చింది పిన్ని సంచిలోని పుస్తకం. మధ్యాహ్నాలు అందరూ కునుకు తీస్తున్నప్పుడు పిన్ని నన్ను మేడ మీది గదికి తీసుకెళ్లి చదివి వినిపించేది. ఆమె చదివిన వాక్యం ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు. గొంతు గుర్తుంది. పప్పులో ఉప్పెంత వెయ్యాలో చెబుతున్నంత మామూలుగా ఉండేది. గర్భసంచి అన్నప్పుడూ అదే గొంతు, రక్తం అన్నప్పుడూ అదే గొంతు. నా భయం పోయింది ఆ గొంతు వల్లే.

ఆరేళ్లుగా నేనూ అదే పని చేస్తున్నాను. మా ఊరి శాఖా గ్రంథాలయంలో నెలకో ఆదివారం పొద్దున, పోటీ పరీక్షల కుర్రాళ్లు ముందు హాల్లో కూర్చుని చదువుకుంటుంటే, వెనక వేపచెట్టు కింద చాప పరిచి, ఆరూ ఏడూ తరగతుల ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని చదువుతాను. ఆ తరగతులే ఎందుకంటే, నేను మొదలుపెట్టేనాటికి మన సైన్సు పుస్తకంలో కౌమార దశ పాఠం ఎనిమిదో తరగతిలో ఉండేది. చాలామందికి అప్పటికే నెలసరి మొదలై ఏడాదో రెండేళ్లో అయిపోతుంది. నా చిన్నప్పుడు ఆ రకం పాఠాన్ని మా బడిలో "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేశారు. ఇప్పటికీ దాటేసే బళ్లున్నాయని పిల్లలే చెబుతారు.

నేను చదివేది 'మెన్‌స్ట్రుపీడియా' బొమ్మల పుస్తకం. అహ్మదాబాద్ డిజైన్ సంస్థలో చదువుకున్న అదితి గుప్తా, తుహిన్ పాల్ దంపతులు దీన్ని తయారుచేశారు. ఒక డాక్టరక్క, ముగ్గురాడపిల్లలు కూర్చుని మాట్లాడుకోవడమే కథ. తెలుగులోనూ దొరుకుతోంది. మంచి పుస్తకం. అయితే దాన్ని పిల్ల చేతిలో పెట్టి "చదువుకో" అంటే సరిపోదని నాకు మొదటి ఏడాదే తెలిసింది. అలా ఇచ్చిన పుస్తకం పరుపు కిందికి పోతుంది. ఇచ్చినవాళ్లకే నోరు రాని విషయం గురించి పిల్లకి మాత్రం నోరెలా వస్తుంది? పక్కన కూర్చోవాలి. బొమ్మ మీద వేలు పెట్టాలి. మాటని పైకి పలకాలి.

ఆ పలకడంలోనే ఉంది కష్టమంతా. గర్భాశయం, అండాశయం, ఋతుస్రావం అని పిల్లలు పరీక్షలో రాయగలరు. అవి తమ పొట్టలో ఉన్నవాటి పేర్లని మాత్రం వాళ్లకి అనిపించదు. అందుకని పిడికిలి బిగించమంటాను. "గర్భసంచి ఇంతే ఉంటుంది, ఇక్కడుంటుంది" అని బొడ్డు కింద ఆ పిడికిలి ఆనించుకోమంటాను. లోపల ప్రతి నెలా మెత్తటి పొర ఒకటి పేరుకుంటుందనీ, బిడ్డకి పరుపులాంటిదనీ, బిడ్డ లేకపోతే ఆ పొర ఊడి రక్తంతో కలిసి బయటికి వస్తుందనీ చెబుతాను. మూత్రం వచ్చే దారి, నెలసరి వచ్చే దారి వేరువేరని బొమ్మలో చూపించినప్పుడు పిల్లలు నోరెళ్లబెడతారు. వెనక కూర్చున్న తల్లులు కూడా.

ఒకసారి ఏడో తరగతి పిల్ల, "మేడమ్, ఒంట్లో రక్తమంతా పోతే?" అని అడిగింది. ఆ మరుసటి నెల నుంచి దగ్గు సిరప్ సీసా మూత ఒకటి వెంట తీసుకెళ్తున్నాను. పది మిల్లీలీటర్ల మూత. నీళ్లలో కుంకుమ కలిపి, మూడు నాలుగు మూతలు ఒక గాజు గ్లాసులో పోసి చూపిస్తాను. గ్లాసు అడుగున కాస్తంత. నాలుగైదు రోజుల్లో మొత్తం పోయేది మామూలుగా అంతే. గ్లాసు చేతులు మారుతుంది. పిల్లలు దాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తారు. ఎనిమిది మూతలు దాటితే ఎక్కువ పోతున్నట్టు, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, వారం దాటినా డాక్టరుకి చూపించాలి అంటాను. మొదటి రెండేళ్లూ నెల లెక్క తప్పొచ్చనీ, నలభై అయిదు రోజులకి వచ్చినా కంగారుపడొద్దనీ చెబుతాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో స్వేచ్ఛ పేరుతో బడి పిల్లలకి నెలకి పది నాప్కిన్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంతో మేలు చేసిన పని. నాలుగైదు గంటలకొకసారి మార్చుకోవాలన్న మాట కూడా ఆ ప్యాకెట్టుతో పాటు ఎవరో ఒకరు పిల్ల చెవిన వెయ్యాలి.

మన భాషలో ఈ విషయానికి మాటలకేం కొదవ? ముట్టు, బహిష్టు, మైల, బయట చేరింది, దూరంగా ఉంది, సమర్తాడింది, ఈడేరింది. ముట్టు అనే మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. ముట్టడం అంటే తాకడం. అదే మాట 'తాకకు' అని చెప్పడానికి పనికొచ్చింది. ఒక పిల్ల ఈ సంగతి విని, "అయితే ఎవరు ముట్టుకున్నారని ఆ పేరు?" అంది. నేను జవాబు చెప్పలేక, నా కాకి కథ చెప్పాను.

మగపిల్లల్ని కూర్చోబెట్టడం నాకింకా పూర్తిగా చేతకాలేదు. గొంతు మారడం, మీసం రావడం దాకా చెప్పి, నిద్రలో బట్టలు తడవడం దగ్గర తడబడ్డాను. ఇప్పుడా భాగం మా లైబ్రేరియన్ చదువుతున్నారు. అదంటే మగపిల్లలకీ భయమే, వాళ్లకీ చెప్పేవాళ్లు లేరు.

"ఇంత చిన్నదానికి ఇప్పట్నుంచే ఇవన్నీ ఎందుకమ్మా?" అని అడిగిన తల్లులున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకీ ఎవరూ చెప్పలేదు. వాదించకుండా, "నీకు మొదటిసారి వచ్చినప్పుడు ఏమనుకున్నావమ్మా?" అని అడుగుతాను. ఒకామె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దెబ్బ తగిలిందేమో, అమ్మ కొడుతుందేమో అనుకున్నా" అంది. ఆ రోజు తనే కూతురి పక్కన చాప మీదకి జరిగి కూర్చుంది.

మొన్న శ్రావణంలో ఆరో తరగతి పిల్ల ఒకతె పుస్తకం ఇంటికి అడిగింది. "మా అమ్మమ్మకి చదవటం రాదు మేడమ్, నేను చదివి వినిపిస్తా" అంది. లైబ్రేరియన్ గారు పేరు గట్టిగా చదువుతూ రిజిస్టర్లో రాశారు. పిల్ల దాన్ని గుండెకి ఆనించుకుని, పేరు బయటికి కనబడేలా పట్టుకుని, మెయిన్ రోడ్డు మీదుగా ఇంటికెళ్లింది. తర్వాతి నెల తిరిగిచ్చేటప్పుడు అమ్మమ్మ అడిగిన ప్రశ్న మోసుకొచ్చింది: "అన్నీ బానే రాశారు గానీ, చిమ్మిలి ఎందుకు పెడతామో ఇందులో లేదేమే?"

నిజమే, లేదు. తాటాకు చాపా లేదు, మేనమామా లేడు. అవన్నీ ఉన్న పుస్తకం తెలుగింట్లో పుట్టి, తెలుగు బొమ్మలతో రావాలని నా ఆశ. అమ్మమ్మ ప్రశ్నని వెనక అట్ట లోపలి వైపు తెల్లగా ఉన్న చోట ఆ పిల్ల చేతే పెన్సిల్‌తో రాయించాను. పక్కన ఒకటి అని అంకె వేసింది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. పదకొండోది మా నాయనమ్మ ఈడు ఆవిడ అడిగింది: "ఆగిపోయాక ఒంట్లో సెగలెందుకమ్మా వస్తాయి?"