కల్లం మీద కన్ను, మబ్బు మీద చూపు

అమెరికాలో తుఫానుల వెంట పరుగెత్తేవాళ్లున్నారు. వాళ్లలో టిమ్ సమరాస్‌ది చిరస్మరణీయమైన పేరు. 2003 జూన్ 24న దక్షిణ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర సుడిగాలి దారిలో ఆయన పెట్టిన పరికరం ఒక్కసారిగా 100 మిల్లీబార్ల మేర పడిపోయిన వాయుపీడనాన్ని పట్టుకుంది. 2013 మే 31న ఎల్ రీనో సుడిగాలిలో కొడుకుతో, సహచరుడితో పాటు ఆయన ప్రాణం పోయింది. మనిషి పోయాడు, కొలతలు మిగిలాయి. గుంటూరు, ప్రకాశం పత్తి మిరప నేలల్లో తుఫాను వెంట ఎవరూ పరుగెత్తనక్కర్లేదు, అదే వెతుక్కుంటూ వస్తుంది. అయినా మబ్బును ఇష్టంగా, పట్టుదలగా చూసిన మనుషులు ఇక్కడి ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్లు పోయినప్పుడు మాత్రం వాళ్లు చూసిందంతా వాళ్లతోనే పోతోంది. ఆ చూపు మూఢనమ్మకం కాదనీ, పరీక్షకు నిలబడే విద్య అనీ, రాసి పెట్టుకుంటేనే అది నిలుస్తుందనీ నా వాదన.

ఆ విద్యకు చట్రం కార్తె. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను కార్తె అంటాం. తిథులతో సంబంధం లేదు కాబట్టి ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22కి అటూ ఇటూగా, స్వాతి అక్టోబరు 24కి. పునర్వసులో పడ్డ వానకి పత్తి గింజ పెట్టామని రైతు అన్నాడంటే జులై మొదటి వారం నుంచి మూడో వారం దాకా ఉన్న పదును అతనికి గుర్తుందన్నమాట. నక్షత్రాల లెక్క రుతువులతో సరిగ్గా కలిసి నడవదు కదా అని ఖగోళం తెలిసినవాళ్లు అడగవచ్చు. నిజమే, సుమారు 70 ఏళ్లకు ఒక రోజు జరుగుతుంది. వరాహమిహిరుడి కాలం నుంచి చూస్తే మూడు వారాలు జరిగింది. అందుకే ఆరో శతాబ్దంలో ఆయన రాసిన బృహత్సంహిత సూత్రాలను ఈనాటి చేనుకు యథాతథంగా వర్తింపజేయలేం. తాత నుంచి మనవడికి వచ్చిన జ్ఞాపకంలో మాత్రం ఆ తేడా ఒక్క రోజే.

చట్రం లోపల గుర్తులున్నాయి. అన్నిటికీ ఒకే విలువ ఇవ్వలేం. చీమలు గుడ్లు మోసుకుంటూ గట్టెక్కడం, తూనీగలు నేలబారున ఎగరడం ఎప్పుడు వాన పడుతుందో చెప్పవు, వాటి మీద నేను పెద్దగా భారం వెయ్యను. వరదగుడి సంగతి వేరు. చంద్రుడి చుట్టూ గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అంటారు. చెయ్యి బారుగా చాపి జాన పరిస్తే, బొటనవేలు చంద్రుడి మీద ఉన్నప్పుడు చిటికెనవేలు తగిలేచోట పెద్ద గుడి కనిపిస్తుంది. అది 22 డిగ్రీల వలయం. ఎంతో ఎత్తున పరుచుకున్న పలచటి మబ్బులోని మంచు స్ఫటికాలు వెన్నెలను వంచినప్పుడు ఏర్పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడితే అలాంటి మబ్బు వందల కిలోమీటర్ల ముందుగా వస్తుంది. చంద్రుణ్ణి అంటిపెట్టుకునే చిన్న వలయం సన్నటి నీటి బిందువుల వల్ల వచ్చేది, దానికి తుఫానుతో పనిలేదు. పెద్ద గుడి కట్టిన ప్రతిసారీ వాన రాదు గానీ, మాటలో ఉన్న తేడా భౌతికశాస్త్రంలోనూ ఉంది.

గాలి ఇంకా గట్టి సాక్షి. ఈ తీరంలో తుఫాను ముందు గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అది తూర్పుకు, అక్కణ్నుంచి ఆగ్నేయానికి తిరిగితే తుఫాను కేంద్రం మనకు దక్షిణంగా దాటుతోందని అర్థం. ఉత్తరానికి, పడమటికి తిరిగితే మనకు ఉత్తరంగా దాటుతోంది. 1977 నవంబరు 19న తుఫాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటితే, దానికి ఉత్తరాన ఉన్న దివిసీమ మీదికి సముద్రం ఎగబడింది. గాలి నీటిని నేల మీదికి తోసేది ఆ పక్కనే. పదివేల మందికి పైగా చనిపోయారు. తుఫాను గాలి ఇలా చుట్టూ తిరుగుతుందని ఓడల దినచర్య పుస్తకాలు పోగేసి వివరించి, 1848లో సైక్లోన్ అన్న పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి ఉప్పెన గురించీ రాశాడు. మామూలు మనుషులు చూసి రాసుకున్న గాలి దిక్కులే ఆ శాస్త్రానికి ముడిసరుకు.

ఉపగ్రహాలూ, మచిలీపట్నంలో డాప్లర్ రాడారూ, ఫోన్‌లో మేఘదూత్, దామిని యాప్‌లూ ఉండగా ఇంకా ఇదంతా ఎందుకన్నది అసలైన అభ్యంతరం. తుఫాను విషయంలో నాకు సందేహం లేదు, వాతావరణ శాఖ మాటే వినాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ప్రాణాలు కాపాడింది ఆ హెచ్చరికలే. మిరప కల్లం సంగతి వేరు. ఏప్రిల్ మధ్యాహ్నం ఎర్రగా పరిచిన కాయ ఇంకో రెండు ఎండలు తగిలితే యార్డుకు వెళుతుంది. అరగంట జల్లు పడితే రంగు పోయి తాలు కింద జమకడతారు. ఆ జల్లు తెచ్చే మబ్బు పడమట లేచి గంటలో ఊరి మీదికొస్తుంది. వంద కిలోమీటర్ల దూరంలో రాడార్ కిరణం నేలకు కిలోమీటరు పైనే ఉంటుంది, దాని కింద జరిగేది దానికి ఆనదు. వాన కంటే ముందు మబ్బులోంచి దిగి దుమ్ము లేపే చల్లగాలి మాత్రం కల్లంలో నిలబడ్డ మనిషికి తెలుస్తుంది. కాయను కుప్ప చేసి బరకం కప్పడానికి దొరికేది ఆ కాసేపే.

ఫలించిన గుర్తులే జ్ఞాపకముంటాయి, తప్పినవి మరిచిపోతారు అనే విమర్శ మరింత పదునైనది. దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. ఉగాదినాడు చదివే మేఘాధిపతి ఫలం దేశమంతటికీ ఒకటే, అందుకే దాన్ని ఈ విద్యలో కలపను. చేలో నిలబడి చూసిన గుర్తులకైతే ఆ విమర్శకు జవాబు చెప్పే దారి ఉంది. తప్పినవీ రాయాలి. కొలత మనకు కొత్త కాదు, వాన కొలిచే పాత్ర ఎంత వెడల్పుండాలో కౌటిల్యుడి అర్థశాస్త్రమే చెప్పింది. మీ ఊళ్లో మబ్బు చూసే పెద్దాయన ఉంటే ఆయన పక్కన కూర్చుని తేదీ, కార్తె, గాలి దిక్కు, గుడి, వాన పడిందా లేదా అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. లాంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం, బాపట్ల వ్యవసాయ కళాశాల అలాంటి పుస్తకాలు సేకరించి వర్షపాతం లెక్కలతో సరిచూడాలి. వచ్చే కార్తె నుంచే మొదలుపెట్టండి.