హీటర్ కోర్ మార్పిడి: ఇంటి ముంగిటి మరమ్మతు విద్య

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి తమిళనాడులో హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి పట్టణాలను దాటి, తొప్పూరు ఘాటు మీదుగా సేలం వైపు దిగుతుంది. పాలక్కోడు టమాటాలను, కృష్ణగిరి మామిడికాయలను మోసే పాత పికప్పు వాహనాలకు ఈ దారిలో ఎండ, ఎత్తు, బరువు మూడూ ఒక్కసారే ఎదురవుతాయి. అప్పుడు ఇంజనులో పుట్టే వేడిని బయటికి పంపే ఏర్పాటులో అందరికీ తెలిసినది ముందుభాగాన ఉండే రేడియేటర్ కాగా, హీటర్ ఉన్న బండ్లలో డ్యాష్‌బోర్డు వెనుక మరొక చిన్న రేడియేటర్ కూడా ఉంటుంది. దాని పేరే హీటర్ కోర్. దానిని ఇంటి ముంగిట్లో విప్పి మార్చడం ఓపికను కోరే పని. ఆ పనిలో నేర్పు ఎంత అవసరమో, పాతది ఎందుకు చెడిందో తెలుసుకోవడం కూడా అంతే అవసరం.

సన్నని గొట్టాల వరుసలకు పలుచని రేకులు అతికించి చేసిన పెట్టె ఇది. ఇంజనులో కాగిన కూలెంట్, అంటే నీటిలో గ్లైకాల్, తుప్పు నివారించే రసాయనాలు కలిపిన ద్రవం, ఒక రబ్బరు పైపు ద్వారా ఇందులోకి వచ్చి మరొక పైపు ద్వారా వెనుదిరుగుతుంది. బ్లోయర్ అనే చిన్న ఫ్యాను గాలిని ఈ రేకుల మధ్యగా తోయడం వల్ల ఆ గాలి వేడెక్కి క్యాబిన్‌లోకి చేరుతుంది. ఉక్కపోసే ప్రాంతంలో దీనితో పనేమిటని తలచి, కారుతున్న కోర్‌ను వదిలేసి రెండు పైపులనూ ఒకదానితో ఒకటి కలిపేసేవారు చాలామంది ఉన్నారు. అయితే హోసూరు, ఏర్కాడు ప్రాంతాల చలికాలపు తెల్లవారుజామున ముందు అద్దానికి పట్టే ఆవిరిని తొలగించేది ఈ వేడిగాలే. ఘాటు ఎక్కుతుండగా ఇంజను మితిమీరి కాగినప్పుడు హీటరును పూర్తిగా తెరిస్తే కొంత వేడి క్యాబిన్‌లోకి మళ్లి, బండిని సురక్షితంగా పక్కకు ఆపేవరకు ఇంజనుకు కాస్త ఊరట దొరుకుతుంది.

కోర్ చెడిన సంగతి కొన్ని గుర్తుల వల్ల తెలుస్తుంది. క్యాబిన్‌లో తియ్యని వాసన రావడం, అద్దం లోపలివైపు జిడ్డుపొర కట్టడం, పక్క సీటు కింది చాప తడిసి ఉండడం, బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఇంజను వేడెక్కాక హీటరు తెరిచి ఉంచి రెండు పైపులనూ జాగ్రత్తగా తాకి చూసినప్పుడు ఒకటి కాలుతూ రెండవది చల్లగా ఉంటే, చాలావరకు కోర్ లోపల దారి మూసుకుపోయిందని అర్థం.

దారి మూసుకుపోవడానికి ప్రధాన కారణం కూలెంట్‌కు బదులు పోసే బోరునీరు. రాతినేలల ధర్మపురి జిల్లా భూగర్భజలంలోని ఫ్లోరైడ్‌కు పేరుపడింది. ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకూ పళ్లకూ చేటు చేస్తుంది. కోర్‌కు మాత్రం చేటు చేసేది ఆ బోరునీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీరు కాగిన ప్రతిసారీ అవి గొట్టాల లోపల గట్టి పొరగా పేరుకుంటాయి. కారే రేడియేటర్‌లో పసుపు పోయడం దారిలో చిక్కుకున్న డ్రైవర్లకు తెలిసిన ఉపాయమే కాని, కన్నం పూడ్చిన ఆ పొడి సన్నని గొట్టాలను కూడా పూడుస్తుంది.

విప్పే పని ఇంజను పూర్తిగా చల్లారాకే మొదలుకావాలి, ఎందుకంటే రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. సుమారు 15 పీఎస్ఐ ఒత్తిడిలో మామూలు నీరు 100 డిగ్రీలకు బదులు 120 డిగ్రీల సెల్సియస్ దాటాక గాని మరగదు కనుక, వేడిగా ఉండగా మూత తీస్తే అది ఒక్కసారిగా మరిగి పైకి చిమ్మి ఒళ్లు కాలుస్తుంది. కూలెంట్‌ను నేల మీదికి వదలకుండా పళ్లెంలోకి పట్టాలి. ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉండే విషం కనుక కుక్కలూ పశువులూ తాగే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగెటివ్ తీగను ఊడదీసి, డ్యాష్‌బోర్డు భాగాలను తీసిన వరుసలోనే పేర్చుకుంటూ, ఏ స్క్రూ ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. ఏసీ ఉన్న బండి అయితే గ్యాస్ పైపుల జోలికి పోకూడదు.

అన్నిటికన్నా సున్నితమైన ఘట్టం పైపులను ఊడదీయడం. ఏళ్ల తరబడి వేడికి కరుచుకుపోయిన రబ్బరును మెలితిప్పి లాగితే, కోర్‌కు టంకంతో అతికిన పలుచని ఇత్తడి కొస వంగి అక్కడే చీలుతుంది. అందువల్ల అనుభవజ్ఞులు పైపును పొడవునా బ్లేడుతో చీల్చి, అరటితొక్కలా విప్పదీస్తారు. పాత కోర్‌ను మళ్లీ వాడదలచినప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. పైపు ధర కోర్ ధరలో చిన్న వంతే కనుక కొత్త కోర్‌తోపాటు పైపులు, క్లిప్పులు కూడా కొత్తవే వేయడం మంచిది.

బయటికి తీసిన కోర్ రాగి, ఇత్తడిలతో చేసినదైతే దానికి మరమ్మతు ఉంది. ఒక కొసను మూసి, రెండవ కొస నుంచి మితమైన ఒత్తిడితో గాలి కొట్టి నీటితొట్టిలో ముంచితే, కన్నం ఉన్నచోట బుడగలు వస్తాయి. ఆ చోటును లోహం మెరిసేదాకా గీకి, తుప్పుపొరను కరిగించే ఫ్లక్స్ పూసి టంకం పెడతారు. తగరం 63, సీసం 37 పాళ్లలో కలిసిన టంకం 183 డిగ్రీల వద్దనే కరుగుతుంది కాబట్టి ఇత్తడికి హాని ఉండదు. సీసం ఉన్నందున ఆ పని గాలి ఆడేచోటే చేయాలి. ఇప్పటి బండ్లలో విస్తారంగా కనిపించే అల్యూమినియం కోర్‌కు ఈ టంకం పట్టదు, దానిని మార్చడమే దారి.

కొత్తది బిగించేముందు ఇంజనుకు వెళ్లే పైపుల్లోకి మంచినీటిని ఎదురుదిశలో వదిలి పాత మడ్డిని కడగాలి. కోర్ చుట్టూ స్పాంజి పట్టీ అతికించకపోతే గాలి రేకుల మధ్యగా కాక పక్కసందుల్లోంచి పోయి, కొత్త కోర్ కూడా వేడినివ్వదు. డిస్టిల్డ్ నీటితో సమపాళ్లలో కలిపిన కూలెంట్‌నే నింపాలి. ఒత్తిడి మూతతో కలిసి అది మరిగే స్థాయిని సుమారు 129 డిగ్రీలకు పెంచుతుంది. చల్లని ఇంజనుకే మూత తీసి, బండి ముందుభాగాన్ని ఎత్తులో నిలిపి, హీటరు తెరిచి ఇంజను నడిపితే, చిక్కిన గాలి బుడగలుగా పైకి వస్తుంది. బుడగలు ఆగాక కూలెంట్ సరిపోయేలా పోసి మూత బిగించాలి.

ఈ విద్య విలువ ఆదా చేసే కూలీడబ్బుతోనే తీరదు. పైపులను కలిపేయడం కారడాన్ని ఆపుతుంది, కొత్త కోర్ హీటరును తిరిగి తెస్తుంది. నీటి అలవాటు మారకపోతే మాత్రం అదే సున్నపు పొర ఇంజను గోడలకూ రేడియేటర్‌కూ పడుతుంది. తన చేత్తో కోర్‌ను తీసి, అడ్డంగా కోసి, లోపల గట్టిపడిన పొరను చూసిన బండి యజమాని ఆ తరువాత బోరునీటి బిందెను రేడియేటర్ దగ్గరికి తేడు. కూలెంట్ మార్చిన తేదీని బండి పుస్తకంలో రాసుకుని, తయారీదారు చెప్పిన గడువుకు మళ్లీ మారుస్తాడు. తరతరాల మెకానిక్కుల చేతుల్లో పెరిగిన ఈ మరమ్మతు విద్యను ఇంటింటా నేర్వదగినదిగా నిలిపేది ఈ తెలివిడే.