పందెపు పడవకు తూకం కుదర్చడం

రేడియో తరంగాలతో పడవను నడిపే విద్య పాతదే. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను తీగ లేకుండా నడిపి చూపి, అదే ఏడాది నవంబరులో దానికి అమెరికా పేటెంటు పొందాడు. నాడు పడవ చెప్పినట్టు కదలడమే అబ్బురం. నేడు మంచి మోటారూ లిథియం పాలిమర్ బ్యాటరీ డబ్బు పెట్టినవారికల్లా దొరుకుతున్నాయి కనుక, పందెగాడి నేర్పంతా వాటిని పడవలో ఎక్కడ, ఏ కోణంలో కూర్చాలన్న నిర్ణయంలోనే తేలుతుంది.

అడుగు భాగం లోతైన వి-ఆకారంలో ఉండే ఏకదేహపు పడవను పందెగాళ్లు మోనో అంటారు. వేగం అందుకోగానే ఇది నీటిలో మునిగి తేలడం మాని, అడుగున వెనుక భాగాన్ని మాత్రమే నీటికి ఆనించి జారుతుంది. ప్రొపెల్లరు కూడా సగం గాలిలో, సగం నీటిలో తిరుగుతుంది. అందువల్ల బరువంతా ఒకచోట చేరినట్టు లెక్కించే బిందువు, అంటే గరిమనాభి, పడవ వెనుక పలక నుంచి మొత్తం పొడవులో దాదాపు 30 శాతం దూరాన ఉండేలా చూస్తారు. 70 సెంటీమీటర్ల పడవకు అది 21 సెంటీమీటర్లు. బరువు అంతకంటే వెనక్కి జరిగితే ముక్కు లేచి, కిందికి గాలి దూరి పడవ వెల్లకిలా పడుతుంది. ముందుకు జరిగితే అడుగు నీటిని ఎక్కువగా ఒరుసుకొని వేగం చస్తుంది. సర్దుబాటుకు బ్యాటరీని మించిన సాధనం లేదు, ఎందుకంటే అన్నిటికంటే బరువైనదీ, అంటుపట్టీ ఊడదీసి జరపగలిగినదీ అదే.

అసలు చిక్కు అడ్డంగా వచ్చే ఒరుగుతో. ప్రొపెల్లరు ఒకవైపు తిరిగితే పడవ దేహం దానికి ఎదురుదిశలో ఒరుగుతుంది. వెనుక నుంచి చూసినప్పుడు అది అపసవ్యంగా తిరిగేదైతే పడవ కుడివైపు కుంగుతుంది. అప్పుడు వెనుక పలకకు బిగించిన ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న రేకుల్లో కుడిదాన్ని వెంట్రుకవాసి కిందికి వంచుతారు, లేదా బ్యాటరీని కాస్త ఎడమకు జరుపుతారు. ప్రొపెల్లరు ఇరుసును పట్టి ఉంచే స్ట్రట్ కోణం కూడా ఇలాంటిదే: ఇరుసు వెనుక కొస కిందికి వాలితే తోపుడు పడవ వెనుక భాగాన్ని లేపి ముక్కును దించుతుంది, పైకి వాలితే ముక్కును లేపుతుంది.

మోటారు ఎంపికలో కేవీ అంటే ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లన్న లెక్క; 2000 కేవీ మోటారుకు 14.8 వోల్టుల బ్యాటరీ కలిపితే, భారం లేనప్పుడు 29,600 చుట్లు. అంత వేగంలో రెక్కల బరువులో రవ్వంత తేడా ఉన్నా ఇరుసు అదిరి బేరింగులు అరిగిపోతాయి కనుక, ప్రొపెల్లరును నునుపైన అడ్డుకడ్డీపై నిలిపి, కిందికి దిగే బరువు రెక్కను అరగదీస్తారు. ఆక్టురా ఎక్స్ 442 వంటి ప్రొపెల్లరు పేర్లలో మొదటి 4 పిచ్ నిష్పత్తి, అంటే ఒక చుట్టుకు సాగాల్సిన దూరం వ్యాసానికి ఎన్ని రెట్లన్నది, 1.4 అనీ, 42 వ్యాసం మిల్లీమీటర్లలో అనీ చెబుతుంది. ఇటువంటివి బెరిలియం కలిసిన రాగితో పోసినవి. అరగదీసేటప్పుడు రాలే పొడి ఊపిరితిత్తులకు విషం కనుక తడిపి రుద్దడమే క్షేమం, ఈ జాగ్రత్తను తేలిగ్గా తీసుకునేవారిని మెచ్చుకోలేం. మెలిపెట్టిన తీగలతో చేసిన ఫ్లెక్స్ షాఫ్టు భారం పడినప్పుడు పొట్టిదవుతుంది, అందుకే స్ట్రట్‌కూ ప్రొపెల్లరును తిప్పే బిళ్లకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు.

నీటిలో పరీక్షించేటప్పుడు ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి మారిస్తే ఫలితం దేనిదో తెలియదు. ప్రతి పరుగు తరువాత మోటారునూ స్పీడ్ కంట్రోలరునూ తాకి చూసి, చేయి పెట్టలేనంత వేడెక్కితే చిన్న ప్రొపెల్లరుకు దిగడం మంచిది. గాలి లేని ఉదయం కుదిరిన తూకం అలలు లేచిన మధ్యాహ్నం చెల్లదు. అప్పుడు బ్యాటరీ కొద్దిగా ముందుకు జరుగుతుంది.