శ్రీశైలం నడకకు ఊరి గట్టు మీద సాధన

మహాశివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలం నడిచి వెళ్లేవారు వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగు పెడతారు. నాగలూటి వీరభద్రస్వామి గుడి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి దాటాక దారి భీముని కొలను లోయలోకి దిగుతుంది. అక్కడి నుంచి కైలాసద్వారం దాకా నిలువెక్కుడు. శ్రీశైలం, అహోబిలం కొండలకు మెట్లు కట్టించినవాడిగా 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డికి పేరుంది. ఈ అడవి పులుల అభయారణ్యం. శివరాత్రికి, ఉగాదికి అనుమతి ఉన్న కొద్దిరోజుల్లోనే యాత్రికులు ఈ దారిన నడుస్తారు. ముందుగా వెళ్లి ఓసారి నడిచి చూసుకుందామంటే కుదరదు. సాధన ఎవరి ఊళ్లో వాళ్లు చేసుకోవలసిందే.

శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి నాడు వస్తుంది. కార్తీకం వెళ్లగానే మొదలుపెడితే ఇంచుమించు మూడు నెలలు చేతిలో ఉంటాయి. అంత గడువు అవసరమే. కండ కొద్ది వారాల్లో బలపడుతుంది. కండను ఎముకకు పట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు, పాదంలోని చిన్న ఎముకలు అంత త్వరగా గట్టిపడవు. నెల తిరిగేసరికి ఊపిరి నిలిచి, ఉత్సాహం పెరిగి, దూరం ఒక్కసారిగా రెట్టింపు చేసినవారికే మడమనొప్పి, పిక్క ఎముక నొప్పి పట్టుకుంటాయి. మొదట వారానికి నాలుగు రోజులు, రోజుకు నాలుగైదు కిలోమీటర్లు చాలు. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. ఆపైన వారంలో ఒక్క నడకను మాత్రమే కొంచెం కొంచెంగా పొడిగించాలి. మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించాలి. శరీరం బలం పుంజుకునేది ఆ తగ్గించిన రోజుల్లోనే.

ఒకే రోజు ముప్పై కిలోమీటర్లు నడిచేసి తృప్తిపడేవారు చాలామంది. కాళ్ల అసలు పరీక్ష రెండో రోజు ఉదయం మొదలవుతుంది. రాత్రి ఎక్కడో చెట్టు కింద పడుకుని లేచాక పిక్కలు బిగుసుకుపోతాయి, పాదాలు ఉబ్బి ఉంటాయి, అయినా అడవిలో నడక ఆగదు. అందుకే సాధనలో వరసగా రెండు రోజుల నడకకు ఉన్న విలువ ఒక్కరోజు పెద్ద నడకకు లేదు. నంద్యాలవాళ్లకు దీనికి చక్కటి వీలుంది. మహానంది పదిహేను కిలోమీటర్లకు పైచిలుకు. శనివారం నడిచి వెళ్లి, కోనేట్లో స్నానం చేసి, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం నడిచి తిరిగి రావచ్చు. కర్నూలు వాళ్లకు కె.సి. కాలువ గట్టు ఉంది. గట్టు మీది మట్టిబాట కాలికి తారురోడ్డు కంటే ఎంతో మంచిది. రోజూ నడిచే దారి కావడం ఇంకో మేలు: అదే తుమ్మచెట్టు దగ్గరికి పోయిన వారం ఎంతసేపట్లో, ఏ అలసటతో చేరారో ఈ వారం పోల్చుకోవచ్చు.

చదును మీద ఎంత నడిచినా కొండకు సరిపోదు. ఎక్కేటప్పుడు ఆయాసపడేది గుండె, ఊపిరితిత్తులు. దిగేటప్పుడు దెబ్బ తినేది తొడ కండరాలు. అవి సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి వస్తుంది. ఆ నొప్పి ఆ పూట తెలియదు, మర్నాడు, ఎల్లుండికి బాగా ముదురుతుంది. మంచి సంగతి ఏమిటంటే, ఒకసారి ఆ నొప్పి పడిన కండ తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి అంతగా నొచ్చుకోదు. కాబట్టి బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందు దాకా దిగుడు సాధన ఉండి తీరాలి. విశాఖవాళ్లకు సింహాచలం మెట్లదారి, గుంటూరు, విజయవాడ వాళ్లకు మంగళగిరి మెట్లు దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో కొండ దొరకనివారు అపార్ట్‌మెంట్ మెట్లెక్కి, లిఫ్టులో కాకుండా మెట్ల మీదే దిగాలి.

వేళ విషయం చాలామంది పట్టించుకోరు. పుష్యమాసపు మంచులో తెల్లవారుజామున నడవడం హాయి. కానీ శివరాత్రి నాటికి నల్లమల చెట్లు ఆకు రాల్చి ఉంటాయి, మధ్యాహ్నం నీడ పల్చన. ఉగాదికి కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచి వచ్చే భక్తులకు ఎండ ఇంకా తీవ్రం. చివరి రెండు మూడు వారాల్లో కొన్ని నడకలు పొద్దెక్కాక చేస్తే ఒళ్లు ఎండకు అలవాటుపడుతుంది: చెమట ముందుగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. దాహానికి ఉత్త నీళ్లే కడుపునిండా తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ కానీ, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్ కానీ ఏది కడుపుకు పడుతుందో ఈ నడకల్లోనే తేల్చుకోవాలి.

ఎక్కువమందిని దారిలో కూర్చోబెట్టేది అలసట కాదు, బొబ్బలు. తడిసిన చర్మం రాపిడికి పొరలుగా విడిపోయి మధ్యలో నీరు చేరితే బొబ్బ. నూలు మేజోళ్లు చెమట పీల్చుకుని తడిగానే ఉంటాయి. త్వరగా ఆరే రకం మేలు. బూట్లు సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనాలి, వేలి ముందు కొంచెం ఖాళీ ఉండాలి. లేకపోతే దిగుడులో గోళ్లు నల్లబడతాయి. ఎక్కడైనా చురుక్కుమనగానే ఆగి పట్టీ అంటించే అలవాటు ఊళ్లోనే రావాలి.

శివమాల వేసుకున్నవారు చెప్పుల్లేకుండా నడుస్తారు. మండల దీక్ష 41 రోజులు. ఆ రోజులన్నీ వట్టి కాళ్లతో తిరగడం వల్ల అరికాలి చర్మం నెమ్మదిగా మందమవుతుంది. శరీరం సంగతి తెలిసినవారు పెట్టిన నియమంలా అనిపిస్తుంది. మాల వేసుకోకుండా, చివరి క్షణంలో చెప్పులు వదిలేసి అడవిలోకి దిగేవారికి ఆ రక్షణ ఉండదు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం ఏ దీక్షలోనైనా వట్టి కాళ్లతో నడవకూడదు. గాయమైనా తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. గుండెజబ్బు, మోకాళ్ల అరుగుదల ఉన్నవారు సాధన మొదలుపెట్టకముందే డాక్టరుకు చూపించుకోవాలి.

ఇరుముడి, నీళ్ల సీసా, దుప్పటి, టార్చి కలిపి మోసే బరువుతో కనీసం రెండు పెద్ద నడకలు పూర్తిచేయాలి. సంచి పట్టీ భుజాన్ని ఎక్కడ ఒరుస్తుందో అప్పుడే తెలుస్తుంది. చివరి వారం పది రోజులు దూరం సగానికి తగ్గించాలి, కొత్త బూట్లు, కొత్త మేజోళ్లు వేయకూడదు. గోళ్లు బయల్దేరే ముందురోజు కాక, రెండు మూడు రోజుల ముందు తీసుకోవాలి.