వినపడే చోట నిలబడాలి

ఆదివారం నరసన్నపేట దగ్గర మా అప్ప వాళ్ల ఊరు వెళ్లాను. చేతిలో మూడు డబ్బాల మెష్ వైఫై సెట్టు, అంటే ఒక డబ్బా సిగ్నల్‌ను ఇంకోటి అందుకుని ముందుకు పంపేది. ఈ వారం ఏం రాయాలో బస్సులోనే తేల్చుకున్నాను. ఇంట్లో తీగలకు కాలం చెల్లింది, ల్యాండ్‌లైన్ నాటినుంచీ వాటిని వెనకేసుకొచ్చిన నేను ఇక ఆ పట్టు వదిలేస్తున్నాను అని. సాయంత్రానికి ఆ మాట నిలవలేదు.

మా శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఇళ్లు ఇలా ఉంటాయి. వీధికి అటూ ఇటూ గోడకు గోడ ఆనించి కట్టిన వరస ఇళ్లు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. అరుగు దాటితే ముందు గది, నడిమిల్లు, వంటిల్లు, చివర పెరటి వసారా. ఫైబర్ తీగ వీధి స్తంభం నుంచి వస్తుంది కాబట్టి రూటర్ వీధి గుమ్మం పక్కనే ఉంటుంది. అప్ప రోజంతా ఉండేది పెరటి వసారాలో. రెంటికీ మధ్య మందపాటి మట్టి గోడలు, ఒక ఇనప బీరువా. హైదరాబాద్‌లో ఉన్న మనవణ్ని ఫోన్‌లో చూడాలంటే మోకాళ్ల నొప్పులతో అరుగు దాకా రావాలి.

పాత రూటర్ తీసి ఒక డబ్బా అక్కడ పెట్టాను. రెండోది నడిమింట్లో బీరువా పక్కన, మూడోది అప్ప కుర్చీ దగ్గర. ఫోన్‌లో గీతలన్నీ నిండాయి. అప్ప మనవడికి వీడియో కాల్ చేసింది. తెరిచిన నోరు తెరిచినట్టే బొమ్మ ఆగిపోయింది. "గీతలు బానే ఉన్నాయి గానీ గుంటడి మొహం కదల్దేటిరా?" అంది.

నాకు టముకు తాత గుర్తొచ్చాడు. చిన్నప్పుడు పంచాయతీ కబురేదైనా ఊరికి టముకు మీదే తెలిసేది. నేను ఆయన వెనకే తిరిగేవాణ్ని. గుడి దగ్గర కబురు విని, వీధి మొదట ఒకసారి, బావి దగ్గర ఒకసారి, చివర చింతచెట్టు కింద ఒకసారి చాటేవాడు. కాలవ అవతలి పేటకు ఆయన వెళ్లడు. ఆ పేట మనిషి చింతచెట్టు దాకా వచ్చి, విని, వెనక్కి వెళ్లి తన వాళ్లకు చాటేవాడు. ఎండలో ఇంత దూరం రావడమెందుకు, తన పేటలోనే ఉండి వినొచ్చుగా అని ఒకసారి తాతనడిగాను. "ఇనపడినకాడ నిలబడితేనే గదా సెప్పగలడు! ఇనపడనికాడ నిలబడి ఏటి సెప్తాడు?" అన్నాడు.

మెష్ కిటుకంతా ఆ మాటలో ఉంది. సిగ్నల్ అందని మూల డబ్బా పెట్టి లాభం లేదు. ఆ మూలకూ రూటర్‌కూ మధ్య, సిగ్నల్ ఇంకా బాగా అందే చోట పెట్టాలి. ఇంకో సంగతి. చాటుతున్న మనిషికి అదే క్షణంలో కొత్త కబురు చెవికెక్కదు. ఒకే చానెల్ మీద వినడమూ చెప్పడమూ చేసే డబ్బా కూడా అంతే, ఒక్కో మజిలీకి వేగం సుమారు సగానికి పడిపోతుంది. వైఫై బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ నెమ్మది. అందులో ఒకదాన్నొకటి ఒరుసుకోని చానెళ్లు 1, 6, 11 మూడే. గోడకు గోడ ఆనుకున్న వీధిలో ఇరుగుపొరుగు రూటర్లన్నీ వాటి మీదే అరుస్తుంటాయి. 5 గిగాహెర్ట్జ్ చురుకైనదే గానీ రెండు గోడలకే నీరసిస్తుంది.

మరి గీతలు ఎందుకు నిండాయి? ఫోన్‌కూ దగ్గరి డబ్బాకూ మధ్య సంగతే అవి చెబుతాయి, అవతలి నుంచి కబురొచ్చిందో లేదో చెప్పవు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటినప్పుడు ఇది చూశాను. అంతకు సుమారు తొమ్మిదిన్నర నెలల ముందే, 2017 డిసెంబర్ 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ తీగ లాగే పథకం అది. తుపానుకు ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు ఆ స్తంభాలూ ఒరిగిపోయాయి. పలాసలో మా బంధువుల ఇంట్లో ఇన్వర్టర్ మీద రూటర్ వెలుగుతూనే ఉంది, గీతలు నిండుగానే ఉన్నాయి. బయటి నుంచి ఒక్క మాట రాలేదు.

అందుకే మూడో డబ్బా వంటింటి గుమ్మంలోకి, రెండోది బీరువాకు దూరంగా జరిపాను. మనవడు కదిలాడు, కాస్త తడబడుతూ. చివరికి నరసన్నపేట బజారుకెళ్లి ఇరవై మీటర్ల లాన్ కేబుల్ తెచ్చి, చూరు కింద నుంచి పెరటిదాకా లాగాను. వీధి వైపు ఒక డబ్బా, వసారాలో ఒక డబ్బా, మధ్య ఆ తీగ. ముందెంత వేగమో వెనకా అంతే. మూడో డబ్బా అవసరమే పడలేదు.

కాబట్టి రెండు మూడు గదుల ఇల్లయితే మెష్ కొనకండి. రూటర్‌ను బీరువా చాటు నుంచి తీసి ఇంటి మధ్యలో, ఎత్తున పెట్టండి. దానికి కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఆపేసి ఉంటే మాత్రం, ఎంత బాగా నడుస్తున్నా మార్చేయండి. పొడుగాటి ఇల్లయితే రెండు డబ్బాలూ ఒక తీగా చాలు. అద్దె ఇంట్లో తీగ లాగనివ్వకపోతే, డబ్బాలు తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే బ్యాండ్ ఉన్న సెట్టు చూసుకోండి.

నిన్న ఉదయం అప్ప ఫోన్ చేసింది. వెనక పెరట్లో కోళ్ల అరుపు వినపడుతోంది. "గుంటడు నవ్వినప్పుడే నవ్వు కనపడిందిరా" అంది.