పందుంపుల్ల చేదు, సీసాలో సారం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెలకు వేప పుల్లను పరిచయం చేయనక్కర్లేదు. చిటికెన వేలంత లావున్న లేత కొమ్మను జానెడు విరిచి కొస నమిలితే, పీచు కుంచెలా విచ్చుకుంటుంది. తోముకోవడం అయ్యాక దాన్నే నిలువునా చీల్చి నాలుక గీసుకుంటారు. వేప అందకపోతే కానుగ ఉంది, ఉత్తరేణి వేరు ఉంది. చిగుళ్లు వాస్తే తుమ్మ బెరడు కషాయం పుక్కిలిస్తారు.

ప్రయోగశాల దారి వేరు. అక్కడ ఆకునో బెరడునో ఎండబెట్టి, దంచి, మిథనాల్‌లో నానబెట్టి సారం తీస్తారు. పళ్లు పుచ్చడానికి ముఖ్య కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను అగార్ పళ్లెంలో పెంచి, అందులో చేసిన చిన్న గుంటలో ఆ సారం పోస్తారు. గుంట చుట్టూ సూక్ష్మజీవి పెరగని వలయం ఎన్ని మిల్లీమీటర్లుందో కొలుస్తారు.

పుల్లకు ఇలాంటి కొలత లేదు. ఏ చెట్టుది, ఎంత లేతది, ఎంతసేపు నమిలారన్నదాన్ని బట్టి దాని చేదు మారిపోతుంది. సారానికి కొలత ఉంది కానీ, నోటి అనుభవం లేదు. పళ్లెంలో లాలాజలం ఊరి మందును కడిగేయదు. మిథనాల్ లాగినదంతా లాలాజలం లాగలేదు కూడా. పైగా పంటి పాచిలో జిగురు చాటున గుంపుకట్టిన సూక్ష్మజీవులు, విడిగా ఉన్నవాటికంటే మందును బాగా తట్టుకుంటాయి. ఆ పాచిని పీచు గీకి తీస్తుంది. సారానికి ఆ పని చేతకాదు.

అయినా రెండూ చుట్టాలే. పుల్ల నమ్ముకున్నదీ, సారం వెతుకుతున్నదీ వేప చేదునూ తుమ్మలోని వగరు టానిన్లనూ. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్, నింబిడిన్‌లను వేరుచేసి ఆ చేదుకు పేర్లు పెట్టారు. అలాగే వేపాకు సారంతో చేసిన జెల్‌ను 6 వారాలు మనుషుల నోళ్లలోనే పరీక్షించిన భారతీయ అధ్యయనం 2004లో వెలువడింది. పాచీ, సూక్ష్మజీవులూ తగ్గాయని అందులో తేలింది. పల్లె అనుభవానికి కొలత తోడైతే ఎంత మేలో ఈ పరీక్షే చెబుతుంది.

పుచ్చిన పంటి గుంతను పుల్లా పూడ్చదు, సారమూ పూడ్చదు. చీము పడితే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే. పాచిని, చిగుళ్ల వాపును ముందే ఆపడంలోనే ఈ రెండింటి విలువ. అందుకే వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల మొక్కల మీద పనిచేసే పరిశోధకులకు ఒక మనవి: పళ్లెంలో వలయం కొలిచి ఆగిపోకండి. ఈ మూడు జిల్లాల వాళ్లు నమిలే పుల్లనే, వాళ్లు నమిలినట్టే, వాళ్ల నోళ్లలోనే పరీక్షించండి.